32 జీబీ ర్యామ్ లేకపోతే పాట రాదా? ఎవరు చెప్పారండీ మీకు!

నమస్తే అండీ, శ్రీకాకుళం నుంచి. పోయిన వీడియో కింద కామెంట్లు చూశారుగా? అరచేతిలో పట్టే పాకెట్‌చిప్ అనే బుల్లి కంప్యూటర్ మీద తప్పెటగుళ్ల బీట్ కట్టానని చెప్పడమే నేను చేసిన పాపం. "ఏట్రా బాబూ, ఆ బొమ్మతో పాటేటి?" అని ఒకాయన. "ముందు మంచి ల్యాప్‌టాప్ కొనుక్కో" అని ఇంకొకాయన. ఒక స్టూడియో అన్నయ్యయితే, 32 జీబీ ర్యామ్ లేకుండా మిక్సింగ్ మాటెత్తొద్దని పనిగట్టుకుని ఫోన్ చేసి మరీ చెప్పాడు. సరే, ఇవాళ తేల్చేద్దాం.

నేను చెప్పేది ఒక్కటే. మెషీన్ నెమ్మదిగా ఉన్నంత మాత్రాన పాట పాడవదు. మళ్లీ చెప్తున్నా, పాడవదు! ఆలస్యమవుతుంది, అంతే.

ఎలాగంటారా? సెకను సౌండంటే 44,100 అంకెలు, వీటినే శాంపిళ్లంటారు. సాఫ్ట్‌వేర్ చేసేది ఆ అంకెల మీద కూడికలు, గుణకారాలు. ప్లే నొక్కినప్పుడు లెక్క టైముకి అవ్వకపోతే టప్ టప్ మని చప్పుడొస్తుంది. అది విని మీరు మెషీన్‌ని తిడతారు. మరి పాటని ఫైల్‌గా మార్చే ఎక్స్‌పోర్ట్ కొట్టాక టైముతో పనేముంది? మూడు నిమిషాల పాటకి పది నిమిషాలు తీసుకోనీ! బళ్లో ఎక్కాలు గడగడా అప్పజెప్పేవాడికీ ఏడెనిమిదులు యాభై ఆరే, నసుగుతూ చెప్పే గుంటడికీ యాభై ఆరే. దెబ్బలు మాత్రం రెండోవాడికే పడేవి, నాకు బాగా తెలుసు.

ఇక బఫర్, అంటే ఒక్క విడతలో లెక్కగట్టే శాంపిళ్ల కుప్ప. 256 శాంపిళ్లు పెడితే సుమారు 6 మిల్లీసెకన్లలో లెక్క ముగించాలి, చిప్ చేతులెత్తేస్తుంది. 1024 పెడితే 23 మిల్లీసెకన్లు దొరుకుతాయి, టపటపలు పోతాయి. కానీ కీ నొక్కాక సౌండ్ కాస్త వెనకబడి వస్తుంది కదా అంటారు. రానీండి! నేను కీబోర్డ్ వాయిస్తున్నానా? సన్‌వాక్స్ ట్రాకర్ అండీ. గళ్లలో నోట్లు టైప్ చేసుకుంటూ పోవడమే. అలెగ్జాండర్ జొలొతోవ్ అనే ఆయన రాసిన సాఫ్ట్‌వేర్ అది, పాకెట్‌చిప్‌లో ముందే వేసి ఇచ్చేవారు. ఆముదాలవలసలో రైలెక్కి మొదలుపెడితే చీపురుపల్లి దాటేసరికి బీట్ అయిపోయింది. పక్క సీటు మామ్మగారు నేను గేమ్ ఆడుతున్నాననుకుని "కళ్లు పోతాయి నాయనా" అన్నారు.

ఈ పాకెట్‌చిప్ బలమెంత? ఒక్క గిగాహెర్ట్జ్, ఒకటే కోర్, 512 ఎంబీ ర్యామ్. 2016 నాటి సరుకు. చేసిన కంపెనీ 2018లోనే మూతపడింది, నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. నవ్వుతున్నారా? 1987లో కార్స్టెన్ ఒబార్‌స్కీ అమిగా అనే పాతకాలం ఇంటి కంప్యూటర్ కోసం ట్రాకర్ రాసినప్పుడు అమిగా 500కి ఉన్నది 512 కేబీ. నాలుగే ఛానెళ్లు. దానికి వెయ్యి రెట్ల ర్యామ్ నా జేబులో ఉంది!

నేను వాడినవి ఫోన్‌తో రికార్డు చేసిన రేకు తప్పెట దెబ్బలు, గజ్జెలు. సెకను మోనో సౌండ్ ముక్క 88 కేబీ. అలాంటివి వెయ్యి పెట్టినా 88 ఎంబీ. మరి స్టూడియో అన్నయ్యకి 32 జీబీ ఎందుకు? ఆరు జీబీల పియానో సౌండ్లు లోడ్ చేసి మూడు నోట్లు వాయించడానికి!

ఒప్పుకోవాల్సినవీ ఉన్నాయి. దీంట్లో గొంతు రికార్డు చేయడం దండగ, అది ఫోన్‌లోనే చేశా. రివర్బ్, అంటే సౌండ్ హాల్లో మోగినట్టు చేసే ఎఫెక్ట్, రెండోది పెట్టగానే గిలగిలా కొట్టుకుంది. దానికీ మందుంది: రివర్బ్ వేసిన ట్రాక్‌ని వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైల్‌నే సౌండ్ ముక్కగా తెచ్చి పెట్టుకోవాలి. ఇక రివర్బ్ లెక్క మళ్లీ చేయక్కర్లేదు. దీని టైపింగ్ కీబోర్డ్ గురించి అడగొద్దు, బొటనవేళ్లు ఇంకా మంటే.

నా అనుమానం వేరు. మన ఉత్తరాంధ్ర జానపదాలు ఇప్పుడు యూట్యూబ్‌లో అన్నీ ఒకేలా ఎందుకు వినిపిస్తున్నాయి? అదే కిక్ డ్రమ్, అదే రెడీమేడ్ బీట్ల లూప్ ప్యాక్. మెషీన్‌కి బలమెక్కువై! ఖాళీ ఉంది కదాని నలభై ట్రాకులు పోస్తారు, అసలు తప్పెట అడుగున పడిపోతుంది. గంగమ్మ పండగలో తప్పెటగుళ్ల వాళ్లు గుండెల మీద రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలతో ఊరంతా దద్దరిల్లిస్తారే, వాళ్లకి ఎన్ని ట్రాకులున్నాయండీ? కోపం తెచ్చుకోకండి స్టూడియోల వాళ్లు. తెచ్చుకున్నా పర్లేదు.

మాటలు చాలు. అదే ప్రాజెక్టు ఫైల్‌ని పాకెట్‌చిప్ మీద ఒకసారి, మా తమ్ముడి గేమింగ్ ల్యాప్‌టాప్ మీద ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేశా. ఏది దేనిదో ఇప్పుడు చెప్పను. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో విని నన్ను తిట్టొద్దు. ఇదిగో, మొదటిది.