బరువు తగ్గడంలో నిదానమే ప్రధానమా? మెల్‌బోర్న్ పరిశోధన రివ్యూ

నమస్తే అండీ. బరువు తగ్గాలనుకుంటున్నానని నోరు జారితే చాలు, "నిదానమే ప్రధానం" అని ఎవరో ఒకరు అందుకుంటారు. వారానికి అరకిలో, మహా అయితే కిలో. అంతకన్నా వేగంగా తగ్గితే తగ్గిందంతా తిరిగొచ్చేస్తుంది, మెటబాలిజం దెబ్బతింటుంది అంటారు. నేనూ చాలాకాలం ఆ మాటే నమ్మాను, పదిమందికి చెప్పాను కూడా. ఇవాళ దాన్నే రివ్యూకి పెడుతున్నా.

ముందు 2014లో వచ్చిన మెల్‌బోర్న్ పేపర్ చూద్దాం. ఊబకాయం ఉన్న 200 మందిని తీసుకుని, చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి 12 వారాలు, రోజుకి 450 నుంచి 800 క్యాలరీలు. రెండో గుంపుకి 36 వారాలు, రోజూ తినేదాంట్లో 400-500 క్యాలరీల కోత. బరువులో కనీసం 12.5 శాతం తగ్గితేనే తర్వాతి దశలోకి వెళ్తారు. వేగంగా తగ్గే గుంపులో 81 శాతం మంది ఆ గీత దాటారు. నిదానం గుంపులో దాటింది సగం మందే. తర్వాత దాదాపు మూడేళ్లు గమనిస్తే, తగ్గిన బరువులో సుమారు 71 శాతం తిరిగొచ్చేసింది. ఎవరికి అంటారా? ఇద్దరికీనండీ, తేడా లేదు!

ఇక్కడ ఒక మెలిక ఉంది. గీత దాటనివాళ్లు రెండో దశలో లేరు కదా. అంటే మూడేళ్ల లెక్క, రెండు గుంపుల్లోనూ గట్టిగా నిలబడ్డవాళ్ల మధ్య పోలిక. మొదటి ఫలితానికున్నంత బలం దీనికి లేదు. అయినా "వేగంగా తగ్గితే వేగంగా పెరుగుతారు" అనే మాటకి మాత్రం ఈ పేపర్‌లో ఆధారం దొరకదు.

సరే, ఇదంతా కాటా మీద కనపడే బరువు. మరి షుగర్ సంగతి? నాకు అసలు ఆసక్తి అక్కడే.

2011లో న్యూకాజిల్ యూనివర్సిటీలో రాయ్ టేలర్ బృందం టైప్ 2 షుగర్ ఉన్న 11 మందికి ఎనిమిది వారాలు రోజుకి 600 క్యాలరీలే ఇచ్చింది. పదకొండు మందే, చిన్న పరిశోధన, నిజమే. కానీ ఏడు రోజుల్లో పరగడుపు షుగర్ మామూలు స్థాయికి వచ్చేసింది. వారం రోజుల్లో మనిషి సన్నబడిపోడు కదా, మరి ఎలా? కాలేయంలో కొవ్వు ఆ ఒక్క వారంలోనే 30 శాతం తగ్గింది. కొవ్వు పేరుకున్న కాలేయం ఇన్సులిన్ మాట వినదు, మనం నిద్రపోతున్నా రక్తంలోకి గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది. ఆ కొవ్వు కరగ్గానే దారికొస్తుంది. ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్ మాత్రం అంత తొందరపడలేదు. అది కోలుకోవడానికి ఎనిమిది వారాలూ పట్టింది. మనం వేగం, నిదానం అని ఒకే ముక్కలో తేల్చేస్తాం గానీ ఒంట్లో ఒక్కో అవయవానికి ఒక్కో క్యాలెండర్ ఉంది.

ఆ తర్వాత 2017లో బ్రిటన్ నుంచి, టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ల మీదే, డైరెక్ట్ అనే పెద్ద ట్రయల్ వచ్చింది. మూడు నుంచి ఐదు నెలలు రోజుకి దాదాపు 850 క్యాలరీలు, ఆ తర్వాత మెల్లగా మామూలు భోజనానికి. ఏడాది తిరిగేసరికి 46 శాతం మంది మందులు లేకుండా షుగర్ లేని స్థాయికి వచ్చారు. మామూలు వైద్యం తీసుకున్నవాళ్లలో అది 4 శాతం. బరువు లెక్కన చూస్తే, ఆ స్థాయికి వచ్చింది 5 నుంచి 10 కిలోలు తగ్గినవాళ్లలో మూడోవంతు మంది, 10 నుంచి 15 తగ్గినవాళ్లలో 57 శాతం, 15 కిలోలు దాటితే 86 శాతం. రెండో ఏడాదికి మొత్తం మీద 46 కాస్తా 36కి పడింది. కాబట్టి నా తీర్పు: ఎన్ని వారాల్లో తగ్గారన్నది కాదు, ఎంత తగ్గారు, ఎన్నాళ్లు నిలబెట్టుకున్నారన్నదే షుగర్‌ని శాసిస్తోంది.

వేగానికి ఖరీదు లేదని కాదు. నెదర్లాండ్స్‌లో ఐదు వారాల 500 క్యాలరీల డైట్‌ని పన్నెండు వారాల 1250 క్యాలరీల డైట్‌తో పోల్చారు. తగ్గిన బరువు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానం. కానీ కొవ్వు కానిది, అంటే కండ, నీరు లాంటివి, వేగం గుంపులో 1.6 కిలోలు పోతే రెండో గుంపులో 0.6 కిలోలే. రక్తంలోంచి చక్కెరని ఎక్కువగా పీల్చుకునేది కండేనండీ, దాన్ని పోగొట్టుకుని కాటా చూసి మురిసిపోతే ఎలా? అందుకే వేగంగా వెళ్లేవాళ్లకి ప్రోటీన్, బరువులెత్తే వ్యాయామం తప్పనిసరి అంటాను. వారానికి కిలోన్నర మించి తగ్గేవాళ్లకి పిత్తాశయంలో రాళ్లు వచ్చే ప్రమాదం కూడా పెరుగుతుంది.

చివరగా, మందులు వాడేవాళ్లు ఇది కాస్త జాగ్రత్తగా వినండి. డైరెక్ట్ ట్రయల్‌లో షుగర్, బీపీ మాత్రల్ని డైట్ మొదలైన రోజే వైద్యులే ఆపించారు. తిండి ఒక్కసారిగా తగ్గించి మాత్ర మాత్రం పాత మోతాదులోనే వేసుకుంటే షుగర్ గానీ బీపీ గానీ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లనైతే ఆ ట్రయల్‌లో చేర్చుకోనేలేదు. మీరు ఆ కోవలో ఉంటే డైట్ మొదలుపెట్టే తేదీ మీరొక్కరే పెట్టుకోకండి, మాత్రల చీటీ పట్టుకెళ్లి మీ డాక్టర్‌తో కలిసి పెట్టుకోండి.