కొత్త హెడ్ గాస్కెట్ మళ్లీ ఎందుకు పోతుంది?

నమస్కారం. "హెడ్ గాస్కెట్ పోయింది, కొత్తది వేయించాను, కొన్ని నెలలకే అదీ పోయింది, ఇప్పుడు వచ్చే గాస్కెట్లన్నీ నాసిరకం" అని ఎవరైనా అంటే నాకు చాలా చిరాకు వస్తుంది. హెడ్ గాస్కెట్ అంటే ఇంజిన్ బ్లాకుకూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కూ మధ్య ఉండే పలుచని సీలు. చాలాసార్లు ఆ గాస్కెట్‌లో ఏ దోషమూ ఉండదు. వంగిన హెడ్ కింద పెట్టి, సరిగా తుడవని లోహం మీద కూర్చోబెట్టి, చేతికి తోచినంత బిగించి, నింద మాత్రం దాని మీద వేస్తాం. ఈ పనిలో నూటికి తొంభై పాళ్లు శ్రమ గాస్కెట్‌కు పైనా కిందా ఉన్న రెండు తలాల మీద పెట్టాలి. ఈ వీడియో అంతా ఆ ఒక్క విషయం మీదే.

ఇనుప బ్లాకు, దాని మీద అల్యూమినియం హెడ్ ఉన్న పాత కారు ఇంజిన్‌ను దృష్టిలో పెట్టుకుని మాట్లాడుతున్నాను. పిస్టన్ ఏం చేస్తుంది, వాల్వ్ ఏం చేస్తుంది అన్నవి మీకు తెలిసినవే, వాటి జోలికి వెళ్లను.

(తెర మీద: తీసిన పాత గాస్కెట్, బాగా దగ్గరగా)

ఇక్కడ చూడండి. రెండు సిలిండర్ల మధ్య ఉన్న ఈ సన్నని పట్టీ కాలి నల్లబడింది. దీనికి ఒక పక్క 2000 డిగ్రీల సెల్సియస్ దాటే మంట. కాస్త దూరంలో 90, 100 డిగ్రీల కూలెంట్. ఇంకో రంధ్రంలో ఆయిల్. ఈ మూడూ ఒకదానిలో ఒకటి కలవకుండా ఆపేది ఇదే. అంతటితో అయిపోలేదు. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అర మీటరు పొడవున్న హెడ్, దాని కింది బ్లాకు రెండూ 80 డిగ్రీలు వేడెక్కితే, హెడ్ బ్లాకు కంటే సుమారు 0.5 మిల్లీమీటరు ఎక్కువ సాగాలని చూస్తుంది. బోల్టులు సాగనివ్వవు. స్టార్ట్ చేసిన ప్రతిసారీ, ఆపిన ప్రతిసారీ ఈ పెనుగులాట జరుగుతుంది, గాస్కెట్ మధ్యలో నలుగుతుంది. ఇంజిన్ మితిమీరి వేడెక్కిన రోజున హెడ్ ఇక తట్టుకోలేక వంగిపోతుంది.

మీరు ఎప్పుడైనా ఫోనుకు స్క్రీన్ గార్డ్ అతికించి ఉంటే ఈ పని మీకు సగం తెలిసినట్లే. తెర మీద ఒక్క ధూళి రేణువు ఉన్నా అక్కడ బుడగ నిలుస్తుంది. ఫోను వంగి ఉంటే ఎంత మంచి గార్డ్ వేసినా ఒక మూల లేస్తుంది. నొక్కేటప్పుడు మధ్యలో మొదలుపెట్టి అంచులకు వెళతాం. ఒకసారి పీకింది మళ్లీ సరిగా అతకదు. ఈ నాలుగింటినీ గుర్తుపెట్టుకోండి, మనం మళ్లీ మళ్లీ వీటి దగ్గరికే వస్తాం.

ముందు గాస్కెట్ నిజంగా పోయిందో లేదో తేల్చుకోవాలి. ఆయిల్ మూత కింద తెల్లని చిక్కటి నురుగు కనిపించగానే హెడ్ విప్పేవాళ్లు ఉన్నారు. తొందరపడవద్దు. చలికాలంలో తక్కువ దూరాలే తిరిగే కారులో, ఇంజిన్ పూర్తిగా వేడెక్కక, లోపల చేరిన తేమ వల్ల కూడా ఆ నురుగు వస్తుంది. నేను నమ్మేది నీలి ద్రవం పరీక్ష. రేడియేటర్ మూతి దగ్గర, కూలెంట్ పైన ఉన్న గాలిని ఆ ద్రవం గుండా లాగుతారు. సిలిండర్‌లో మండిన వాయువు అందులో కలిసి ఉంటే, దానిలోని కార్బన్ డయాక్సైడ్‌కు నీలం పసుపుగా మారుతుంది. పక్కపక్క సిలిండర్లు రెండింటిలో కంప్రెషన్ ఒకేసారి పడిపోవడం, చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే రేడియేటర్ పై హోస్ పైపు గట్టిపడటం కూడా బలమైన ఆధారాలే. ఇక రేడియేటర్‌లో పోస్తే లీకు ఆగిపోతుందని అమ్మే ద్రవాలున్నాయి. బాగు చేయాలనుకున్న ఇంజిన్‌లో వాటిని పోయవద్దని గట్టిగా చెబుతాను. అవి రేడియేటర్‌లోని, హీటర్‌లోని సన్నని దారుల్లో కూడా పేరుకుంటాయి.

విప్పడం గురించి ఎక్కువ చెప్పను. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. బోల్టులను అంచుల నుంచి మధ్యకు, విడతలుగా వదులు చేయాలి. వేడి మీద విప్పితే తిన్నగా ఉన్న హెడ్ కూడా వంగవచ్చు. టైమింగ్ గుర్తులు, అంటే క్రాంక్ షాఫ్ట్, క్యామ్ షాఫ్ట్ ఒకదానితో ఒకటి సరిగా కలిశాయని చూపే గీతలు, కలిపి, ఫోటో తీసుకున్నాకే టైమింగ్ బెల్టు తీయండి. తీసిన హెడ్‌ను కింది ముఖం మీద అలాగే బల్ల పైన పెట్టవద్దు, తెరిచి ఉన్న వాల్వులు బయటికి పొడుచుకుని ఉంటాయి, వంగిపోతాయి. వెట్ లైనర్లు, అంటే బయటి వైపు కూలెంట్ తగిలేలా బ్లాకులో విడిగా దింపిన సిలిండర్ గొట్టాలు, ఉన్న ఇంజిన్ అయితే హెడ్ తీశాక క్రాంక్ షాఫ్ట్ తిప్పవద్దు, లైనర్లు కదిలితే వాటి కింది సీలు పోతుంది.

ఇప్పుడు ధూళి రేణువు దగ్గరికి వద్దాం. పాత గాస్కెట్ ముక్కలు బ్లాకుకు, హెడ్‌కు అంటుకుని ఉంటాయి. మొదట ఒక హెచ్చరిక. పాతకాలపు గాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. వాటిని పొడిగా గీకవద్దు, తీగ బ్రష్‌తో రుద్దవద్దు, గాలి కొట్టవద్దు. తడిపి, తగిన మాస్కు పెట్టుకుని తీయాలి. రెండో సంగతి, డ్రిల్‌కు తగిలించే గరుకు చక్రాలు. క్షణాల్లో తళతళలాడిస్తాయి, చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది. కానీ అవి మెత్తని అల్యూమినియాన్ని అక్కడక్కడా గుంట చేస్తాయి. వాటి నుంచి రాలిన గరుకు పొడి ఆయిల్ దారుల్లోకి జారి బేరింగులను అరగదీస్తుంది. ప్లాస్టిక్ స్క్రేపర్, గాస్కెట్ కరిగించే ద్రావకం, ఓపిక, ఈ మూడూ చాలు.

బ్లాకులోని బోల్టు రంధ్రాలను మరిచిపోయేవాళ్లే ఎక్కువ. చాలావాటికి అడుగు మూసి ఉంటుంది. హెడ్ ఎత్తినప్పుడు వాటిలోకి కూలెంట్, ఆయిల్ దిగుతాయి. అలాగే బోల్టు దింపి బిగిస్తే ఆ ద్రవం పోవడానికి చోటు లేక ఒత్తిడి పెరిగి, ఏకంగా బ్లాకే పగలవచ్చు. పగలకపోయినా, రెంచ్ చూపేది తప్పుడు లెక్క అవుతుంది. ప్రతి రంధ్రాన్నీ పొడిగా చేయండి.

(తెర మీద: హెడ్ ముఖం మీద అడ్డంగా ఉక్కు స్ట్రెయిట్ ఎడ్జ్, దాని కింద ఫీలర్ గేజ్ దూర్చుతున్న చేయి)

వంగిన ఫోను సంగతి ఇది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం కూడా ఇదే, ఎందుకంటే ఊహలకు ఇక్కడ తావు లేదు. స్ట్రెయిట్ ఎడ్జ్‌ను నిలువుగా, అడ్డంగా, రెండు మూలల మీదుగా ఐమూలగా పెట్టి, ప్రతిచోటా దాని కింద ఫీలర్ గేజ్ (కొలిచిన మందం ఉన్న పలుచని ఉక్కు రేకు) దూరుతుందేమో చూడండి. బ్లాకు మీద కూడా ఇలాగే చూడాలి. చాలా ఇంజిన్లకు 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు వరకే అనుమతి, మీ ఇంజిన్ అంకె మాన్యువల్‌లో ఉంటుంది. తల వెంట్రుక మందం అటూ ఇటుగా ఇంతే. కంటితో చూసి "బాగానే ఉంది" అనేవాళ్ల మాట ఎందుకు వినకూడదో ఇప్పుడు అర్థమైంది కదా.

పరిమితి దాటితే మెషీన్ షాపులో హెడ్ ఫేసింగ్ చేయించాలి, అంటే కింది ముఖాన్ని పలుచగా కోసి చదును చేయించాలి. అయితే ప్రతి కోతకూ కంబషన్ చాంబర్ చిన్నదవుతుంది, కంప్రెషన్ పెరుగుతుంది, క్యామ్ షాఫ్ట్ హెడ్‌లోనే ఉంటే టైమింగ్ కూడా కొద్దిగా మారుతుంది. అందుకే హెడ్‌కు కనీస ఎత్తు అని ఒకటి ఉంటుంది, అంతకంటే తగ్గేలా కోయకూడదు. ఇంకో చిక్కు ఉంది. హెడ్ వంగినప్పుడు పైనున్న క్యామ్ షాఫ్ట్ బేరింగుల వరుస కూడా వంగుతుంది. కింది ముఖాన్ని చదును చేసినంత మాత్రాన పైది సరికాదు. ట్యాపెట్లు (క్యామ్‌కూ వాల్వుకూ మధ్య ఉండే ముక్కలు) తీసేసి, క్యామ్ షాఫ్ట్‌ను దాని క్యాపుల్లో బిగించి చేతితో తిప్పి చూడండి. పట్టేస్తుంటే ఆ హెడ్ వంపును ముందు తీయించాలి, లేదా మార్చాలి. అక్కడ ఉండగానే పగుళ్ల కోసం ప్రెషర్ టెస్ట్ కూడా చేయించండి, ముఖ్యంగా వాల్వు సీట్ల మధ్య పగుళ్లు కంటికి ఆనవు.

గాస్కెట్ పెట్టేటప్పుడు "టాప్" అన్న ముద్ర పైకి ఉండాలి. కొన్ని కూలెంట్ రంధ్రాలు బ్లాకులోని దారి కంటే చిన్నవిగా కనిపిస్తాయి. తప్పుగా చేశారనుకుని వాటిని పెద్దవి చేయవద్దు. కూలెంట్ అంతా దగ్గరి దారిలో పోకుండా, దూరపు సిలిండర్ దాకా చేరాలని కావాలనే అలా చేస్తారు. మాన్యువల్ చెప్పిన చోట తప్ప సిలికాన్ పూయవద్దు. స్క్రీన్ గార్డ్ కింద అదనంగా జిగురు రాస్తామా?

ఇక్కడ మన పోలికలో ఒక తేడా వస్తుంది. గార్డ్‌కు సొంత జిగురు ఉంది. గాస్కెట్‌ను నిలబెట్టేది ప్రధానంగా బోల్టుల లాగుడే. మీరు రెంచ్ మీద పెట్టే బలంలో సుమారు 10 శాతమే ఆ లాగుడుగా మారుతుంది, మిగతాది బోల్టు తల కింద, మరల్లో రాపిడికి పోతుంది. మర తుప్పు పట్టి ఉంటే ఆ 10 శాతం కూడా దక్కదు, రెంచ్ మాత్రం సరిపోయిందనే చెబుతుంది. అందుకే మరలు శుభ్రం చేసి, మాన్యువల్ చెబితే పలుచగా ఆయిల్ రాయాలి. మధ్య బోల్టు నుంచి బయటికి, విడతలవారీగా, గార్డ్‌ను నొక్కినట్లే. కొన్ని ఇంజిన్లలో కొంత టార్క్ (తిప్పే బలం) దాకా బిగించిన తరువాత 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు అని కోణంతో బిగించమంటారు. ఆ బోల్టులు శాశ్వతంగా సాగుతాయి కాబట్టి గాస్కెట్‌లాగే అవీ ఒక్కసారికే. "భద్రత కోసం ఇంకొంచెం" బిగించడం అస్సలు వద్దు.

సమయం దగ్గర పడింది, మిగతావి వేగంగా చెబుతాను. టైమింగ్ గుర్తులు కలపండి, ఇంజిన్‌ను చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్లీ చూడండి, తిప్పేటప్పుడు ఏదైనా అడ్డు తగిలితే ఆపేయండి. టైమింగ్ బెల్టు కొత్తది వేయండి. అసలు ఇంజిన్ ఎందుకు వేడెక్కిందో కనుక్కోకుండా స్టార్ట్ చేయవద్దు: థర్మోస్టాట్, వాటర్ పంపు, ఫ్యాను, పూడుకున్న రేడియేటర్, అన్నీ చూడాలి. ఆయిల్, ఫిల్టర్ మార్చండి. వట్టి నీళ్లు కాదు, సరైన కూలెంట్ నింపండి. హీటర్ పూర్తిగా తెరిచి, గాలి బుడగలు బయటికి పోనివ్వండి. ఫ్యాను తిరిగేదాకా వేడెక్కించి, ఆపి, పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం చూసి నింపండి.

పాత రకం గాస్కెట్లకు కొంత దూరం నడిపాక బోల్టులను మళ్లీ బిగించమని మాన్యువల్ చెబుతుంది, చెప్పిన వరుసలో, చెప్పిన కొలతకే చేయండి. చెప్పకపోతే, ముఖ్యంగా కోణంతో బిగించిన బోల్టులైతే, వాటిని మళ్లీ ముట్టుకోవద్దు.