చక్ర పెచ్ బోల్డ్ ఇటాలిక్ ఫాంట్: రేడియంకి అదుర్స్, పక్కన తెలుగునీ వాలిస్తేనే తంటా

నమస్తే అండి, అమలాపురం నుంచి. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోలో కనబడే ఫ్లెక్సు, రేడియం స్టిక్కర్లు ఇక్కడి షాపువాళ్ళు ఫ్రీగా వేసిచ్చారు. ఫాంట్‌కి ఎలాగూ డబ్బుల్లేవు, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. పేరు చక్ర పెచ్. థాయ్‌లాండ్‌లోని కాడ్సన్ డెమాక్ అనే ఫాంట్ల సంస్థ వాళ్ళు చేశారు. థాయ్ అక్షరాలూ ఇంగ్లిష్ అక్షరాలూ ఉన్నాయి, తెలుగు లేదు. లైట్ నుంచి బోల్డ్ దాకా 5 మందాలు, ప్రతిదానికీ ఇటాలిక్, అంటే వాలు రూపం. మిగతావన్నీ గూగుల్ ఫాంట్స్ పేజీలోనే చూసుకోవచ్చు. నేను మాట్లాడేది బోల్డ్ ఇటాలిక్ గురించి మాత్రమే.

ఇదిగో, ఈ ఇంగ్లిష్ ఓ (O) అక్షరం చూడండి. ఇంకొంచెం దగ్గరికి తెస్తాను. గుండ్రం కాదు, పలకలు పలకలుగా ఉంది. మూలల్ని చెక్కేశారు. మామూలుగా రేసింగ్ టైపు ఫాంట్లంటే చివర్లు కత్తుల్లా పొడుచుకొస్తాయి కదా, ఇక్కడ ఆ పొడుచుకు రావడం లేదు. ఈ చెక్కిన మూలలే నాకు తెగ నచ్చేశాయి.

ఎందుకంటే రేడియం. మన దగ్గర బండికి పేరు వేయించాలన్నా, ఆటో వెనక రాయించాలన్నా రేడియం షాపుకే పోతాం. మిషన్ కోసిన తర్వాత అక్కర్లేని రేడియం పీకేయడం ఉంటుంది చూశారా, అసలు పని అక్కడుంది. సన్నటి మొనలున్న ఫాంటయితే పీకేటప్పుడే మొన లేచిపోతుంది. లేవకుండా అతికించినా, బండి నాలుగుసార్లు కడిగితే ముందు ఊడేది ఆ మొనే. పక్క ఊళ్ళో ఒక షాపులో ఇదివరకు నా బండికి మెరుపుల డిజైన్ ఫాంట్‌తో పేరు వేయించాను. ఒక్క వర్షాకాలం ఆగలేదండి, సగం అక్షరాలకి తోకలు పోయాయి. చక్ర పెచ్‌లో గీతలు తిన్నగా, మూలలు మొద్దుగా ఉంటాయి కాబట్టి రేడియం హాయిగా వస్తుంది. కోసిన కుర్రాడే "అన్నా, ఫైలు నాకూ ఇవ్వవా" అన్నాడు. ఇచ్చేశాను. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఇది, వ్యాపారానికి నిక్షేపంగా వాడుకోవచ్చు. ఫాంట్‌ని విడిగా అమ్ముకోకూడదు, అంతే.

జెర్సీల మీద నంబర్లకీ బాగుంది. చిన్న సైజులో అడ్రసు, ఫోన్ నంబరు మాత్రం దీంతో వేయకండి, కళ్ళు లాగుతాయి.

ఇక నా ఒళ్ళు మండే సంగతికొస్తాను. ఫ్లెక్సు చూడండి. పైన ఇంగ్లిష్‌లో ఊరి పేరు, చక్ర పెచ్ బోల్డ్ ఇటాలిక్, అదిరిపోయింది. కింద తెలుగులో "కబడ్డీ పోటీలు". ఇంగ్లిష్ వాలింది కదా అని డిజైనర్ తెలుగుని కూడా కోరల్ డ్రా సాఫ్ట్‌వేర్‌లో స్క్యూ కొట్టి, అంటే పక్కకి వాల్చి, పడుకోబెట్టాడు. గోదావరి దాటించే పంటు మీద జనమంతా ఒకే పక్కకి జరిగినట్టు లేదూ?

దీనికో కారణం ఉంది. గుండ్రటి అక్షరాన్ని కుడివైపుకి స్క్యూ చేస్తే, పైన కుడి మూల, కింద ఎడమ మూల లావెక్కుతాయి. మిగతా రెండు మూలలు బక్కచిక్కుతాయి. మంచి ఇటాలిక్ గీసేవాళ్ళు ఆ తేడాని చేత్తో సరిచేస్తారు. ఎంత వాల్చాలో నంబరు కొట్టే స్క్యూ బాక్స్ సరిచేయదు. ఇంగ్లిష్‌లో ఐ, ఎల్, హెచ్ లాంటి నిలువు గీతల మధ్య ఇది అంతగా కనబడదు. మన లిపి అంతా సున్నాలే, ఎక్కడ చూసినా బయటపడుతుంది. పైగా తెలుగులో అక్షరం మీదా కిందా కూడా సామాను ఉంటుంది. ఈ "డ్డీ" చూడండి. పైనున్న గుడి దీర్ఘం కుడికి పోయింది, కిందున్న ఒత్తు ఎడమకి జరిగి "బ" కిందకి దూరింది. ఒత్తు ఎవరిదో వెతుక్కోవాలి! "క" మీద తలకట్టు అసలే పక్కకి వాలి ఉంటుంది, దాన్ని ఇంకా వంచితే పడిపోయినట్టే కదా.

ఇటాలిక్ అనేది వెనిస్‌లో 1500 ప్రాంతంలో ఆల్డస్ మనూషియస్ అచ్చుకూటంలో పుట్టింది. అక్కడివాళ్ళ వాలు చేతిరాతని చూసి ఫ్రాంచెస్కో గ్రిఫో అచ్చు అక్షరాలు చెక్కాడు. అది వాళ్ళ చేతిరాత, వాళ్ళకి నప్పింది. మన అచ్చులో ఏదైనా గట్టిగా చెప్పాలంటే లావు చేస్తాం, పెద్దది చేస్తాం.

అందుకే ఇంకో ఫ్లెక్సు వేయించాను. ఇంగ్లిష్ అదే, ముట్టుకోలేదు. తెలుగుకి రామభద్ర, సిలికానాంధ్ర అనే సంస్థ వాళ్ళు ఇచ్చిన బరువైన హెడ్‌లైన్ ఫాంట్, అదీ ఉచితమే. నిటారుగానే పెట్టాను. రెండింటి మందం దాదాపు సరిపోయేలా తెలుగు సైజు కాస్త పెంచాను. దూరం నుంచి చూడండి, రెండు లైన్లూ చదవగలుగుతున్నారా లేదా? పోటీల ఊపు ఇంగ్లిష్‌లో వచ్చేసింది, తెలుగుని కూడా పరిగెత్తించక్కర్లేదు.

నా మాట అయితే, రేడియానికీ జెర్సీలకీ కళ్ళు మూసుకుని తీసుకోండి. థాయ్ లిపికి ఇంత శ్రద్ధగా జత కుదిర్చినవాళ్ళని చూస్తే, తెలుగుకీ ఇలా ఎవరైనా గీస్తే బాగుండు అని కడుపు మండుతుంది, అది ఫాంట్ తప్పు కాదనుకోండి. సంక్రాంతి దగ్గర పడుతోంది, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి దారి పొడవునా ఫ్లెక్సులే ఉంటాయి. ఆర్డరు ఇచ్చేటప్పుడు డిజైనర్ పక్కనే కూర్చోండి. ఇంగ్లిష్ అయ్యాక స్క్యూ బాక్స్‌లో నంబరు కొట్టబోయాడా, ఆయ్, మౌస్ లాగేసుకోండి!