కీబోర్డ్ రికార్డ్ చేసేటప్పుడు హెడ్‌ఫోన్స్‌లో ఏం వింటున్నారు?

నమస్తే అండీ. గాజువాక నుంచి ఒక తమ్ముడు తన కీబోర్డ్ రికార్డింగ్ పంపాడు. "అన్నా, మామూలుగా వాయిస్తే బాగానే వస్తోంది. రికార్డింగ్ పెట్టగానే తాళం తప్పుతోంది. నా చెయ్యే కుదరట్లేదా?" అని అడిగాడు. విన్నాను. మొదటి రెండు వరుసలు సరిగ్గా ఉన్నాయి, తర్వాత ప్రతి స్వరం క్లిక్ (తాళం కోసం పెట్టుకునే టిక్ టిక్ శబ్దం) కంటే ముందే పడుతోంది. ఆ అబ్బాయి చేతిలో ఏ లోపమూ లేదు. చెవికి సౌండ్ ఆలస్యంగా చేరుతోంది, దాన్ని అందుకోవాలని చెయ్యి ముందుకు పరిగెడుతోంది.

ఆ ఆలస్యం ఎక్కడిదో చూద్దాం. కంప్యూటర్ సౌండ్‌ని వచ్చింది వచ్చినట్టు వదలదు. కొంత పోగేసుకుని, కట్ట కట్టి తీసుకుంటుంది. ఆ కట్ట సైజే బఫర్. సెకనుకి 44,100 శాంపిల్స్ (సౌండ్ చిన్న ముక్కలు) లెక్కన, బఫర్ 1024 శాంపిల్స్ పెడితే ఒక్క కట్ట నిండడానికే 23 మిల్లీసెకన్లు. లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, బయటికొచ్చేటప్పుడు ఇంకోసారి. మొత్తం 46 పైమాటే. అంతసేపట్లో శబ్దం గాలిలో దాదాపు 16 మీటర్లు పోతుంది. ఆర్కే బీచ్‌లో రోడ్డుకి ఈ పక్క కూర్చుని వాయిస్తూ, ఆ పక్కనున్న స్పీకర్ వింటే ఎలా ఉంటుందో చూడండి. ఎంత గట్టివాడికైనా తాళం నిలవదు.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. మీ కీబోర్డ్ సౌండే రికార్డ్ చేస్తుంటే, దాన్ని కంప్యూటర్‌లోకి వెళ్ళకముందే వినండి. ఆడియో ఇంటర్‌ఫేస్ (కీబోర్డ్ సౌండ్‌ని కంప్యూటర్‌కి అందించే పెట్టె) మీద డైరెక్ట్ మానిటర్ అని బటనో నాబో ఉంటుంది. అది ఆన్ చేసి, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ (దాని సౌండ్ తిరిగి మీకు వినిపించడం) ఆపేయండి. రికార్డింగ్ మాత్రం మామూలుగానే అవుతుంది. రెండూ ఆన్‌లో ఉంటే ఒకే స్వరం రెండుసార్లు, బిందెలో మాట్లాడినట్టు వినిపిస్తుంది.

యూఎస్‌బీ కేబుల్‌తో మిడి (సౌండ్ కాదు, ఏ మీట ఎప్పుడు నొక్కారన్న సమాచారం) మాత్రమే పంపుతుంటే సంగతి వేరు. అక్కడ సౌండ్ పుట్టేదే కంప్యూటర్‌లో, కాబట్టి డైరెక్ట్ మానిటర్ పనికిరాదు. విండోస్ అయితే ఆసియో (ASIO) అనే, ఆలస్యం తగ్గించే ఆడియో డ్రైవర్ పెట్టుకుని, బఫర్ 128కి దించండి. కీబోర్డ్ మెనూలో లోకల్ కంట్రోల్ ఆఫ్ చేయండి, లేకపోతే కీబోర్డ్ సొంత సౌండ్ కూడా కలిసిపోతుంది. రికార్డింగ్ అయ్యాక మిక్సింగ్‌కి మళ్ళీ 1024 పెట్టుకోవచ్చు.

128లో చిటపటమంటే 256 చేయండి. అప్పటికీ తగ్గకపోతే జాక్‌ని వేళ్ళతో మెల్లగా తిప్పి చూడండి. తిప్పినప్పుడల్లా చిటపట మారిందంటే తప్పు బఫర్‌ది కాదు, జాక్‌ది. మన వైజాగ్ ఉప్పుగాలికి జాక్‌లు నల్లబడిపోతాయి. నేను వారానికోసారి పొడిగుడ్డతో తుడుస్తాను. 'బుయ్' మని హమ్ వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి, బ్యాటరీ మీద వినండి. ఆగిపోతే కారణం దొరికినట్టే.

ఇంకో మాట, బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మాత్రం వద్దండీ. పాటలు వినడానికి బాగుంటాయి గానీ, వాయించేటప్పుడు వాటి ఆలస్యం ఏ సెట్టింగ్‌తోనూ పోదు. వైరున్న హెడ్‌ఫోన్సే పెట్టుకోండి.

ఆ తమ్ముడు నిన్న రాత్రి అదే పాట మళ్ళీ పంపాడు. చివరి చరణం దాకా క్లిక్ మీదే ఉన్నాడు. మార్చింది ఆ ఒక్క డైరెక్ట్ మానిటర్ నాబే.