గింజే పంట అయినచోట

అందరికీ నమస్కారం. నూనెగింజల సంకరాల్లో క్రోమోజోముల నిలకడ గురించి చెప్పమని పిలిచారు. నేనేమో అరటిపండుతో మొదలుపెడుతున్నాను. అమృతపాణి తింటూ గింజ ఊసిన గుర్తు ఇక్కడ ఎవరికైనా ఉందా? ఉండదు. ఆ చెట్టులో క్రోమోజోములు, అంటే కణంలో జన్యువుల్ని మోసే పోగులు, జతలుగా కాక మూడేసిగా ఉంటాయి, మొత్తం 33. పువ్వులో పుప్పొడి, అండం తయారయ్యే వేళకి వాటిని రెండు వాటాలు వెయ్యాలి. మూడింటిని ఇద్దరికి సమంగా పంచడం ఎవరి తరం? పంపకం చెడుతుంది, గింజ కట్టదు. తినేవాడికి హాయి. రైతు పిలక నాటుకుంటాడు కాబట్టి అతనికీ ఇబ్బంది లేదు. చెరకూ అంతే. సాగులో ఉన్న సంకర చెరకులో క్రోమోజోములు వందకు పైనే, రకానికో లెక్క. మనకు కావలసింది గడ, నాటేది ముచ్చె. లోపల ఎంత గందరగోళం ఉన్నా బండి నడిచిపోతుంది.

నూనెగింజల్లో ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ గింజే పంట. క్రోమోజోముల పంపకంలో వచ్చిన తేడా తిన్నగా రైతు బస్తాలో కనబడుతుంది. దీన్ని ఎప్పుడూ పూల శాస్త్రంగా చెబుతారు గానీ నాకిది దిగుబడి లెక్కగానే తోస్తుంది.

ఒక సందేహం ముందే తీర్చేస్తాను. పొద్దుతిరుగుడు, ఆముదం హైబ్రిడ్లు అంటాం కదా, వాటిలో తల్లీ తండ్రీ ఒకే జాతి. క్రోమోజోములు జతకు జత సరిపోతాయి, గొడవ ఉండదు. గొడవంతా రెండు వేరువేరు జాతుల్ని కలిపినప్పుడు.

పుప్పొడి తయారయ్యే ముందు క్రోమోజోములు చేసే పని జోడెద్దుల్ని కాడికి కట్టడం లాంటిది. తల్లి నుంచి వచ్చిన ఒకటో నంబరు, తండ్రి నుంచి వచ్చిన ఒకటో నంబరుతో జత కడుతుంది. రెండూ కొన్ని ముక్కలు మార్చుకుని, కాడి విప్పగానే చెరో వైపు వెళ్తాయి. జత దొరకనిది ఒంటెద్దు. ఎటు పోతుందో తెలియదు, ఒక్కోసారి దారిలోనే మిగిలిపోతుంది. ఆ కణం నుంచి వచ్చిన పుప్పొడి తాలు.

ఇక ఆవాల కుటుంబం. వూ జాంగ్‌చున్ అని 1898లో టోక్యోలో పుట్టిన శాస్త్రవేత్త ఉన్నాడు. తండ్రి కొరియన్, తల్లి జపనీయురాలు. జపాన్‌లో ఆయన పేరు ఊ నాగహరు. 1935లో ఆయన ఒక త్రిభుజం గీశాడు. ఒక మూలలో 20 క్రోమోజోముల జాతి, మన తోరియా ఆవాలు అందులోవే. రెండో మూలలో 18 క్రోమోజోముల క్యాబేజీ. మూడో మూలలో 16 క్రోమోజోముల నల్ల ఆవాలు. వీటిలో రెండేసి కలిసి, ఆ పైన క్రోమోజోములు రెట్టింపై మూడు కొత్త జాతులు వచ్చాయని నిరూపించాడు. 36 ఉన్నది ఉత్తరాదిలో నూనె తీసే ఆవాలు, 34 ఉన్నది ఇథియోపియా ఆవాలు, 38 ఉన్నది ఇప్పుడు కనోలా పేరుతో నూనె సీసాల మీద కనిపించే రేప్‌సీడ్. 1950లో ఆయన కొరియా వెళ్లిపోయాడు. అక్కడి జనం ఆయన్ని గింజలేని పుచ్చకాయ కనిపెట్టినవాడిగా తలుచుకుంటారు. దాన్ని తయారుచేసింది నిజానికి జపాన్‌కు చెందిన కిహారా. గింజ కట్టే సంకరాల గుట్టు విప్పినవాడికి గింజలేని కాయ పేరు అంటగట్టారు, చూడండి!

ఆ 38 క్రోమోజోముల మొక్కను మళ్లీ చేతులతో తయారుచెయ్యొచ్చు. తోరియా జాతినీ క్యాబేజీ జాతినీ కలిపి, కోల్చిసిన్ మందుతో క్రోమోజోముల్ని రెట్టింపు చేస్తే సరి. మొదటి తరం మొక్క చూడముచ్చటగా ఉంటుంది. కథ ఆ తర్వాతే. తోరియా ఒకటో క్రోమోజోమూ క్యాబేజీ ఒకటో క్రోమోజోమూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన దాయాదులు. పాత రేప్‌సీడ్‌లో దాయాదులు ఎవరి ఇంట వాళ్లుంటారు. కొత్త సంకరంలో ఆ కట్టుబాటు ఇంకా రాలేదు. ఒకరి కాడిలో ఒకరు దూరతారు, గట్లు జరుపుతారు, అంటే ఒకరి ముక్కలు ఒకరు పట్టుకుపోతారు. దాయాదుల్ని వేరుగా ఉంచే జన్యువులు పాత మొక్కల్లో ఉన్నాయి. గోధుమలో అలాంటిదొకటి ఉందని 1958లోనే తేలింది. రేప్‌సీడ్ తన కట్టుబాటు నేర్చుకోవడానికి సుమారు 7,500 ఏళ్లు పట్టిందనుకోండి. మనం మాత్రం మూడు సీజన్లలో రావాలంటాం.

ఈ సంగతి నాకు పుస్తకం చదివితే ఒంటబట్టలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి సంకరాల వేరు కొనలు తీసి వాటి కణాల్లో క్రోమోజోములు లెక్కపెట్టాను. 38. మళ్లీ లెక్కపెట్టాను. 38. నిలకడగా ఉందని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను. మరుసటి ఏడు ఆ వరసలో మొక్కలు ఏపుగా పెరిగాయి, పూశాయి, కాయలు సగానికి సగం తాలు. అప్పటి టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఎక్కడ పొరబడ్డానో చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. 2011లో అమెరికా పరిశోధకులు ఇలాంటి కొత్త రేప్‌సీడ్‌ను తరతరాలుగా గమనించి, క్రోమోజోములకు విడివిడిగా రంగులు వేసి చూపించారు. కొన్ని మొక్కల్లో మొత్తం 38 సరిగ్గానే ఉంది, కానీ క్యాబేజీ వైపుది ఒకటి పోయి దాని దాయాది తోరియా వైపుది ఒకటి ఎక్కువైంది. తలలు సరిపోయాయి, మనుషులు మారారు. అప్పటినుంచి నేను వేరు కొనను ఒక్కదాన్నే నమ్మడం మానేశాను. మొగ్గ కోసి కాడి కట్టే వేళ చూడాలి, పుప్పొడి చూడాలి, గింజ పట్టు చూడాలి.

అలాగని దాయాదులు గట్టు జరిపితే ఎప్పుడూ నష్టమేనా అంటే, కాదు. రేప్‌సీడ్‌లో పూత కాలం మారడానికి, నూనె తీసిన పిండిలో ఘాటు తగ్గడానికి ఇలాంటి మార్పిడులు తోడ్పడ్డాయి. ఒక్కోసారి మనమే గట్టు జరగాలని కోరుకుంటాం, అది జరగదు. ముల్లంగి కథ అలాంటిదే. పుప్పొడి లేని ముల్లంగిని 1968లో జపాన్‌లో ఒగురా గుర్తించాడు. ఆ గుణాన్ని ఫ్రాన్స్‌వాళ్లు రేప్‌సీడ్‌లోకి తెచ్చారు. సొంత పుప్పొడి ఉండదు కాబట్టి హైబ్రిడ్ విత్తనానికి అది తల్లి వరసగా బంగారం లాంటిది. కానీ రైతు పొలంలో గింజ కట్టాలంటే పుప్పొడిని తిరిగి తెచ్చే జన్యువు తండ్రి వైపు నుంచి రావాలి. అదీ ముల్లంగిదే. దాన్ని తెస్తే పక్కనున్న ఘాటు జన్యువులూ వెంటబడి వచ్చాయి. ముల్లంగి ముక్క రేప్‌సీడ్ క్రోమోజోముతో జత కట్టదు, కాబట్టి ఆ అనవసరపు భాగం తెగి రాదు. చివరికి గామా కిరణాలతో ముక్క విరగ్గొట్టి, చిన్నదైన వరసను ఏరుకున్నారు.

మన వేరుశనగ దగ్గరికి వస్తాను. అదీ సంకరమే. దక్షిణ అమెరికాలో చెరో 20 క్రోమోజోములున్న రెండు అడవి జాతులు సుమారు పదివేల ఏళ్ల కిందట కలిసి, రెట్టింపై 40 అయ్యాయి. అడవి జాతుల్లో తుప్పు తెగులునూ, ఆకుమచ్చనూ తట్టుకునేవి ఉన్నాయి. వాటిలో కార్డెనాసీ అనే జాతిని 1960లలో అమెరికాలోని నార్త్ కరోలినాలో సాగు వేరుశనగతో కలిపారు. 40లో సగం, 20లో సగం, వెరసి 30. జతలు కుదరని మొక్క, దాదాపు గొడ్డు. కోల్చిసిన్ పెట్టి 60 చేశారు. గింజ కట్టింది గానీ అరవై మోయలేకపోయింది. స్వపరాగంతో తరాలు గడిచేకొద్దీ క్రోమోజోములు రాలిపోతూ వచ్చాయి. ఎక్కువైనవి పోయి 40 దగ్గర నిలిచిన మొక్కల్ని ఏరారు. ఇక్కడ నిలకడలేనితనమే పని చేసిపెట్టింది. రాలిపోకముందే అడవి క్రోమోజోముల ముక్కలు సాగు క్రోమోజోముల్లో అతుక్కున్నాయి.

ఆ సంతతి పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు వచ్చింది. అక్కడి వరసల నుంచి ధార్వాడలో జీపీబీడీ-4 అనే వేరుశనగ రకం పుట్టింది. దాని తుప్పు నిరోధం ఉన్న భాగాన్ని డీఎన్‌ఏ గుర్తుల సాయంతో అనంతపురం రైతులకు తెలిసిన ఐసీజీవీ 91114 రకంలోకి ఎక్కించినట్టు 2014లో ప్రకటించారు. మొదటి సంకరం నుంచి అక్కడికి సుమారు యాభై ఏళ్లు. ప్రాజెక్టు గడువు మూడేళ్లు అని రాసిచ్చే పిల్లలు ఈ లెక్క చూసి నన్ను తిట్టుకోకండి.

బయట వరండాలో రెండు మైక్రోస్కోపులు పెట్టించాను. ఎడమ పక్క దాంట్లో మంచి మొక్క పుప్పొడి, ఎసిటోకార్మిన్ రంగుకి ఎర్రగా, గుండ్రంగా నిండి ఉంటుంది. కుడి పక్క దాంట్లో 30 క్రోమోజోముల సంకరం పుప్పొడి. చాలావరకు పాలిపోయి ముడుచుకుని ఉంటాయి. అక్కడక్కడా ఒకటి ఎర్రగా కనబడుతుంది. టీ తాగేముందు ఆ ఎర్ర గింజని వెతికి చూడండి.