షుగర్ లేనివాళ్లకు ఇంట్లో గ్లూకోమీటర్ అవసరమా? నా రివ్యూ

నమస్తే అండీ. ఈరోజు టేబుల్ మీద ఉన్నది గ్లూకోమీటర్. కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయేది ఏ మీటర్‌కైనా వర్తిస్తుంది. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. షుగర్ ఉండి మందులో, ఇన్సులినో వాడుతున్నవాళ్లు ఈ వీడియో చూసి మీటర్ పక్కన పెట్టేయొద్దు. మీకు అది కావాల్సిందే. ఈ రివ్యూ షుగర్ ఉందని ఏ డాక్టరూ చెప్పకపోయినా, పొద్దున లేవగానే ఒకసారి, తిన్నాక ఒకసారి, పడుకునే ముందు ఇంకోసారి వేలు పొడుచుకుని, ఆ నంబర్ చూసి నిద్ర పాడు చేసుకునేవాళ్ల కోసం.

వాళ్లందరి ప్రశ్నా దాదాపు ఒకటే. "పరగడుపున 104 వచ్చింది, షుగర్ వచ్చేసినట్టేనా?"

సరే, మీటర్ పని చూద్దాం. చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకున్నాను. స్ట్రిప్ పెట్టగానే ఆన్ అయింది, తెర మీద చుక్క గుర్తు వెలిగి ఆరుతోంది. వేలి కొసకు మధ్యలో కాకుండా పక్కగా పొడవాలి, అక్కడ నొప్పి తక్కువ. చుక్కను స్ట్రిప్ అంచుకు తాకిస్తే చాలు, అదే లోపలికి లాక్కుంటుంది. ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి... 97. ఇప్పుడు అదే చుక్క, అదే డబ్బాలోంచి ఇంకో స్ట్రిప్. కాస్త దగ్గరగా చూపిస్తాను, చూడండి. 108.

మధ్యలో నేనేమీ తినలేదు, కుర్చీలోంచి లేవను కూడా లేదు. ఒకే చుక్కకు 11 తేడా. మీటర్ పాడైపోయిందా అంటే, లేదు. రూల్ ప్రకారమే పనిచేస్తోంది.

ఆ రూల్ పేరు ఐఎస్‌ఓ 15197, అంటే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ గ్లూకోమీటర్లకు పెట్టిన ప్రమాణం, 2013లో సవరించారు. ల్యాబ్ విలువ 100 కంటే తక్కువైతే మీటర్ 15 పాయింట్లు అటూ ఇటూ చూపొచ్చు. 100, ఆపైన అయితే 15 శాతం అటూ ఇటూ. అది కూడా నూటికి 95 రీడింగులు ఆ హద్దులో ఉంటే చాలు. అంటే మీ అసలు విలువ 104 అనుకోండి, మీటర్ 89 చూపినా, 119 చూపినా అది మంచి మీటరే. ఇప్పుడు ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు దశ, దాని హద్దులు గుర్తు తెచ్చుకోండి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ లెక్కన పరగడుపున 100 నుంచి 125. ఆ పట్టీ మొత్తం వెడల్పే 25 పాయింట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే దాన్ని 110 దగ్గర మొదలుపెడుతుంది. ఆ గీతకు ఇవతల ఉన్నామా, అవతల ఉన్నామా అని ఈ మీటర్‌తో తేల్చుకోవడం మూటలు తూచే కాటాలో బంగారం తూచడం లాంటిది. కాటా మంచిదే, పని వేరు.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ తేడా ఎందుకు పెద్ద సమస్య కాదంటే, వాళ్లు చూసేది 97కీ 108కీ తేడా కాదు. 90 ఉందా, 190 ఉందా, 290 ఉందా అన్నది. దానికి ఈ మీటర్ బ్రహ్మాండంగా సరిపోతుంది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన టెస్ట్. ఒక పండు తొక్క తీశాను, చేయి కడుక్కోలేదు. అదే వేలు, కొత్త స్ట్రిప్... 171. వేలికి అంటిన పండు రసంలోని చక్కెరను కూడా మీటర్ నా రక్తం ఖాతాలోనే రాసేసింది. ఆల్కహాల్ స్వాబ్‌తో తుడిస్తే సరిపోతుందనుకుంటారు, పండు జిగట దానితో పూర్తిగా పోదు. నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే పొడవాలి. తడి ఉంటే చుక్క పలచబడుతుంది, వేలిని గట్టిగా పిండినా రీడింగ్ అటూ ఇటూ అవుతుంది. స్ట్రిప్ కొన మీద ఉండే ఎంజైమ్ గ్లూకోజ్‌తో కలిసినప్పుడు పుట్టే చిన్న కరెంటును కొలిచి మీటర్ నంబర్‌గా మారుస్తుంది, అంతే. అందుకే డబ్బా మూత తెరిచి వదిలేస్తే తేమకు స్ట్రిప్పులు పాడవుతాయి. రక్తహీనత ఉన్నవాళ్లలో చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. ఈ సంగతి స్ట్రిప్పుల డబ్బాలో మడతపెట్టి పెట్టే కాగితంలో ఉంటుంది, దాన్ని విప్పి చదివేవాళ్లు ఎంతమందో!

ఇదంతా మీటర్ సంగతి. అసలు మన ఒంట్లో షుగరే ఒకచోట నిలిచి ఉండదు. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరుగుతాయి, లివర్ గ్లూకోజ్ వదులుతుంది. అందుకే కొందరికి రాత్రి కంటే పొద్దున ఎక్కువ కనిపిస్తుంది. "రాత్రంతా ఏమీ తినలేదు కదా, ఎలా పెరిగింది?" అని కంగారు పడతారు. జ్వరం, నిద్ర లేకపోవడం, స్టెరాయిడ్ మందులు, ఇవన్నీ పెంచుతాయి. టెన్షన్ కూడా. అడ్రినలిన్ పని గ్లూకోజ్‌ను రక్తంలోకి తోయడమే. అంటే 104 చూసి గుండె దడదడలాడుతుంటే ఐదు నిమిషాలకోసారి మళ్లీ పొడుచుకోవడం వల్ల మీకు తేలేదేమీ ఉండదు.

తిన్న తర్వాత రీడింగుల దగ్గర ఇంకా పెద్ద గందరగోళం. "140 దాటకూడదు" అని అందరూ వినేశారు. ఆ 140 ఎక్కడిది? ల్యాబ్‌లో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, సరిగ్గా రెండు గంటలకు చేతి నరం నుంచి తీసిన రక్తానికి పెట్టిన హద్దు అది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు తిన్న అరగంట, గంట మధ్యలో షుగర్ శిఖరానికి వెళ్లి దిగుతుంది. మీరు ముప్పావు గంటకే పొడుచుకుని 152 చూసి హడలిపోతే, కొండ ఎక్కుతున్న మనిషిని దిగినచోట ఉండాల్సిన ఎత్తుతో పోలుస్తున్నారన్నమాట. పైగా తిన్న తర్వాత వేలి రక్తంలో గ్లూకోజ్ నరం రక్తం కంటే కాస్త ఎక్కువే ఉంటుంది.

చేతికి అతికించుకునే సెన్సార్ల గురించి కూడా అడుగుతున్నారు. అమెరికాలో 2024 నుంచి ఇన్సులిన్ వాడనివాళ్లు ప్రిస్క్రిప్షన్ లేకుండా కొనుక్కునేవి కూడా వచ్చాయి. ఆందోళన మనస్తత్వం ఉన్నవాళ్లకు నేను వీటిని అస్సలు చెప్పను. అవి కొలిచేది రక్తంలో కాదు, చర్మం కింద ద్రవంలో. కొన్ని నిమిషాలు వెనకబడి చూపిస్తాయి. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే అర్ధరాత్రి లేని లో షుగర్ చూపించి లేపుతాయి.

లో షుగర్ అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తా. 70 కంటే తక్కువ అన్న హెచ్చరిక ముఖ్యంగా షుగర్ మందులు వాడేవాళ్ల కోసం. మందులేవీ వాడనివాళ్లకు ఒక్కోసారి 66, 68 కనిపించడం వింతేమీ కాదు. నిజంగా లో షుగర్ అనాలంటే డాక్టర్లు మూడు చూస్తారు: లక్షణాలు ఉండాలి, అదే సమయంలో నమ్మదగిన పరీక్షలో తక్కువ రావాలి, గ్లూకోజ్ ఇస్తే లక్షణాలు పోవాలి. దీన్ని విపుల్ ట్రయాడ్ అంటారు, 1938 నాటిది, ఇప్పటికీ అదే వాడుతున్నారు.

మరి అనుమానం తీరాలంటే? ల్యాబ్‌కు వెళ్లండి. పరగడుపు టెస్ట్, హెచ్‌బీఏ వన్ సీ. ఈ వన్ సీ అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే రక్త పరీక్ష, శాతంలో వస్తుంది. అది 5.7 కంటే తక్కువైతే నార్మల్, 5.7 నుంచి 6.4 ప్రీడయాబెటిస్, 6.5 ఆపైన డయాబెటిస్. లక్షణాలు లేకపోతే ఒక్క రిపోర్ట్‌తో డాక్టర్ కూడా తేల్చేయరు, రెండో ఫలితం కావాలి. రక్తహీనత ఉంటే ముందే చెప్పండి, ఐరన్ లోపం వన్ సీని పెంచి చూపించగలదు. ఇంకొకటి, రీడింగులకు భయపడి తిండి బాగా తగ్గించేసి నేరుగా గ్లూకోజ్ తాగే టెస్ట్‌కు వెళ్లకండి. పిండిపదార్థాలు చాలా తక్కువ తిని వెళ్తే ఆ టెస్ట్‌లో ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. అంతకుముందు మూడు రోజులు మామూలుగా తినాలి.

ఇంతసేపూ కంగారు వద్దన్నాను కదా, కంగారు పడాల్సినవీ ఉన్నాయి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటితో పాటు మీటర్ 200 దాటి చూపిస్తే ఇంట్లో ఇంకో స్ట్రిప్ వృథా చేయకండి, డాక్టర్ దగ్గరకు వెళ్లండి. పిల్లల్లో ఈ లక్షణాలు కనిపిస్తే ఆ రోజే తీసుకెళ్లాలి, రేపటిదాకా ఆగొద్దు. చేతులు సరిగ్గా కడుక్కుని చూసినా పరగడుపున పదేపదే 126 పైన వస్తుంటే ల్యాబ్ టెస్ట్ వాయిదా వేయొద్దు. గర్భిణులకు హద్దులే వేరు, మీరు ఈ వీడియో నంబర్లతో పోల్చుకోవద్దు.

ఇక మార్కులు. షుగర్ ఉన్నవాళ్ల చేతిలో ఈ మీటర్‌కు పదికి తొమ్మిది. షుగర్ లేనివాళ్ల చేతిలో, రోజుకు మూడుసార్లు భయం కొలుచుకోవడానికైతే, రెండు. ప్రీడయాబెటిస్ ఉందని డాక్టరే కొన్నాళ్లు చూసుకోమంటే వాడండి, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది కూడా ఆయన్నే అడగండి.

ఇప్పటికే కొనేసి మూల పడేస్తే, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకు ఇవ్వొచ్చు. గడువు దాటని స్ట్రిప్పులేనా అని చూసి, మీటర్ శుభ్రంగా తుడిచి ఇవ్వండి. వేలు పొడిచే పెన్ను, సూదులు మాత్రం ఇవ్వకండి. సూది మార్చినా పెన్నుకు అంటిన రక్తం నుంచి హెపటైటిస్ బి లాంటివి సోకవచ్చు. వాళ్లకు పెన్ను కొత్తదే కొనాలి.