లెక్కలన్నీ ఆవిడవే, పద్దుల్లో ఆవిడ లేదు

అందరికీ నమస్కారం.

ఈరోజు నేను మాట్లాడేది మీ ఇంట్లోనో, బంధువుల్లోనో తప్పకుండా ఉండే ఒక మనిషి గురించి. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టి పెరిగి, సొంత వ్యాపారం ఉన్నతన్ని పెళ్లి చేసుకుని, పిల్లల్ని పెంచుతూనే నలభై, యాభై ఏళ్లపాటు ఆ వ్యాపారానికి లెక్కలు రాసిన ఆవిడ. ఎనభయ్యో తొంభయ్యో వచ్చాక ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పమంటే పిల్లలు “అమ్మ చాలా ఓపికమంతురాలు, నాన్నకి వ్యాపారంలో చేదోడువాదోడుగా ఉండేది” అంటారు. ప్రేమగానే అంటారు. కానీ లెక్కల తనిఖీ నా వృత్తి, అలాంటి పుస్తకాలు చాలా చూశాను, ఆ పని ఒక పూర్తికాలపు ఉద్యోగమని నాకు తెలుసు. దానికి తగిన చోటు ఇవ్వలేదన్నదే నా బాధ.

ముందు ఆ వ్యవసాయం సంగతి. దాన్ని చిన్ననాటి ముచ్చటగా చెప్పి వదిలేస్తారు గానీ ఆవిడ లెక్కల చదువు అక్కడే మొదలైంది. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది, ఖర్చు మాత్రం రోజూ ఉంటుంది. చేతికొచ్చినదాంట్లో విత్తనానికి, మేతకి, అప్పు వాయిదాకి తీసిపెట్టాకే మిగతాది ఇంటికి. కాలేజీలో మనం క్యాష్ ఫ్లో అని పాఠం చెప్పేది ఇదే. పుస్తకంలో లాభం బాగా కనిపిస్తోంది కదా, కొత్త బండి కొందామని భర్త ఉబలాటపడితే, ఆ లాభమంతా ఇంకా బాకీల రూపంలో బయటే ఉంది, వచ్చే నెల జీతాలకే బ్యాంకులో డబ్బు చాలదు అని ఆవిడ నిక్కచ్చిగా చెప్పగలిగేది. నా దృష్టిలో చాలా కుటుంబ వ్యాపారాలు మొదటి పదేళ్లు గట్టెక్కింది ఆ ఒక్క మాట వల్లే.

ఇక రోజువారీ పని. బిల్లులు రాయడం, వచ్చిన డబ్బు చిట్టాలో, అంటే రోజువారీ పద్దుల పుస్తకంలో ఎక్కించడం, అక్కణ్నుంచి ఆవర్జాలో, అంటే ఖాతాల పుస్తకంలో ఎవరి ఖాతాకి వాళ్లది వేయడం, పనివాళ్ల జీతాలు, పన్ను గడువులు, నెలాఖరుకి బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోవడం, బాకీ ఉన్నవాళ్లకి ఫోన్ చేసి మర్యాద తప్పకుండా గుర్తుచేయడం. ఇదంతా చాలాసార్లు పిల్లలు హోంవర్క్ చేసుకునే బల్ల మీదే, వాళ్లు పడుకున్నాక.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను, ఆ పనిలో ఎంత నేర్పు ఉందో తెలుస్తుంది. నెలాఖరుకి జమ, ఖర్చు రెండు వైపులా కూడితే, సమానంగా రావాల్సినచోట 27 తేడా వచ్చిందనుకోండి. కొత్తవాళ్లు మొదటి పేజీ నుంచి మళ్లీ కూడడం మొదలుపెడతారు. అనుభవం ఉన్న ఆవిడ ముందు 27ని తొమ్మిదితో భాగిస్తుంది. నిశ్శేషంగా పోయింది, 3 వచ్చింది. అంటే ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారై ఉండొచ్చు, ఆ రెండు అంకెల మధ్య తేడా 3 ఉంటుంది. 63కి బదులు 36, 85కి బదులు 58, అలాంటివి. ఇక పుస్తకమంతా తిరగేయక్కర్లేదు, అలాంటి జంటలున్న పద్దులు చూస్తే చాలు. అదే తేడా సరిసంఖ్య అయితే దాన్ని సగం చేసి, ఆ మొత్తం జమకి బదులు ఖర్చు వైపు పడిందేమో వెతుకుతుంది. తారుమారు చేసిన అంకెల తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగింపబడుతుందన్నది గణితం. దాన్ని రాత్రి పదకొండు గంటలకి, పక్కగదిలో జ్వరంతో ఉన్న పిల్లవాడిని చూసుకుంటూ వాడుకోవడం వేరే సంగతి.

1979లో పర్సనల్ కంప్యూటర్లకి విసికాల్క్ అనే మొదటి స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్, అంటే గళ్లలో అంకెలు వేస్తే తనే లెక్కగట్టేది, వచ్చింది, ఆ తర్వాత లెక్కలు నెమ్మదిగా కంప్యూటర్లలోకి మారాయి. యాభై దాటిన వయసులో అది నేర్చుకున్నవాళ్లు ఎంతోమంది. మంచి లెక్కల మనిషి కంప్యూటర్ వచ్చింది కదా అని పుస్తకం మూసేయదు. కొన్నాళ్లు రెండింట్లోనూ రాసి, రెండూ ఒకే మొత్తం చూపించాకే పాతది ఆపుతుంది.

ఇంత పని బయటి ప్రపంచానికి ఎందుకు కనబడలేదు? ఒకప్పుడు కనబడేది. బ్రిటన్‌లో 1851 జనాభా లెక్కల్లో రైతుల భార్యల్ని, చిన్న దుకాణదారుల భార్యల్ని ఆ వృత్తుల్లో పాలుపంచుకునేవాళ్లుగానే చూపించారు. 1881కి వచ్చేసరికి ఇంటి పనుల్లో ఉన్న భార్యల్ని ఏ వృత్తీ లేనివాళ్ల వర్గంలో వేసేశారు. ఆ ముప్పై ఏళ్లలో ఆడవాళ్లు పని మానేయలేదు, లెక్కపెట్టేవాళ్లు గడి మార్చారు.

కోర్టుల్లోనూ అంతే. కెనడాలో ఐరీన్ మర్డాక్ అనే ఆవిడ కేసు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అల్బర్టాలో పశువుల క్షేత్రం. భర్త ఏటా నెలల తరబడి వేరే పని మీద బయట ఉండేవాడు. గడ్డి కోయడం, ట్రాక్టర్లు, లారీలు నడపడం, పశువుల కొమ్ములు తీయడం, టీకాలు వేయడం, అన్నీ ఆవిడ చేసింది. విడిపోయాక ఆ క్షేత్రంలో వాటా అడిగితే, అక్కడ ఏ భార్య అయినా చేసే పనే కదా అన్న ధోరణిలో కింది కోర్టు కాదంది, 1973లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. బోరా లాస్కిన్ అనే న్యాయమూర్తి ఒక్కరే విభేదించారు. జనంలో ఎంత కోపం వచ్చిందంటే, ఆ తర్వాతి కొన్నేళ్లలోనే అక్కడి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా దంపతుల ఆస్తి చట్టాల్ని మార్చుకోవాల్సి వచ్చింది. అందరు భార్యలూ చేస్తారు కాబట్టి దానికి విలువ లేదట. నాకు ఇప్పటికీ మింగుడుపడని వాదన ఇది.

ఇప్పుడు మన వృత్తి వైపు నుంచి ఒక మాట. అందరి జీతాలూ రాసిన ఆవిడ జీతం పుస్తకంలో లేకపోతే, ఆ వ్యాపారం చూపించిన లాభం అసలు లాభం కాదు. ఆవిడకి కళ్లు మసకబారి ఆ పనికి ఒక మనిషిని పెట్టుకున్న ఏడాది లాభం తగ్గిపోయిందని కొడుకులు టెన్షన్ పడతారు. తగ్గలేదు, ఇన్నాళ్లూ ఎక్కువ చేసి చూపించారంతే. వ్యాపారం కొనడానికి వచ్చినవాడు ఈ సంగతి ముందే పసిగడతాడు. లెక్కలెవరు చూస్తున్నారు, ఎంత ఇస్తున్నారు అని అడిగి, ఆ మేరకు లాభంలో కోసేసి ధర కడతాడు. బయటివాడికి కనబడిన విలువ ఇంట్లోవాళ్లకి కనబడలేదు. జీతం లేనప్పుడు ఆ జీతం మీద ఆవిడ పేరున కట్టాల్సిన పింఛను సొమ్ము కూడా జమ కాదు. మరీ అన్యాయమేమిటంటే, బ్యాంకు అప్పుకి హామీ సంతకం మాత్రం ఆవిడ చేత పెట్టిస్తారు. నష్టంలో బాధ్యత ఉంది, భాగస్వామ్య పత్రంలో మాత్రం పేరు లేదు.

కాబట్టి ఇప్పుడు వ్యాపారం నడుపుతున్నవాళ్లని అడుగుతున్నాను. మీ భార్యో, కోడలో లెక్కలు చూస్తుంటే ఈ నెల నుంచే జీతం రాయండి, బ్యాంకులో ఆవిడ సొంత ఖాతాకి వేయండి. లేదా వాటా రాసివ్వండి. ఏది మేలో మీ ఆడిటర్‌ని అడగండి, కానీ వాయిదా వేయకండి.

ఇంట్లో అలాంటి పెద్దావిడ ఉంటే, పాత పుస్తకాలు తీసి ఆవిడ పక్కన కూర్చోండి. పేర్ల పక్కన పెట్టిన గుర్తులకి అర్థమేంటో, ఏ బాకీ ఎందుకు కొట్టేసిందో, ఏ ఏడాది దేన్ని ఆపి దేన్ని కట్టిందో అడిగి రాసుకోండి. అట్ట మీద ఎవరు రాశారో, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకో రాసిపెట్టండి. ఈరోజు కొందరు పుస్తకాలు వెంట తెచ్చామన్నారు. అవి ఈ బల్ల మీదకి తీసుకురండి, కలిసి చూద్దాం.